అడుగున నీళ్ళు దాచుకునే బకెట్లో కూరగాయలు: తయారీ నుంచి పురుగుల కాపలా దాకా

ఎండాకాలంలో మిద్దె మీద బకెట్లో కాపుకొచ్చిన టమాటా మొక్క రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. పొద్దున పోసినవి మధ్యాహ్నానికి అయిపోతాయి, సాయంత్రానికి ఆకులు వేలాడతాయి, మళ్ళీ పోస్తే లేస్తాయి. ఇలా ఎండుతూ తడుస్తూ ఉంటే పూత రాలుతుంది, కాయలు పగులుతాయి, టమాటా అడుగుభాగం నల్లబడి కుళ్ళుతుంది. అడుగున నీళ్ళు దాచుకునే బకెట్ ఈ బాధను చాలావరకు తీరుస్తుంది. కింద నాలుగు లీటర్ల పైచిలుకు నీళ్ళు నిలవ ఉంటాయి. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టు మట్టి మిశ్రమం ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. వేరుకు కావలసినంతే అందుతుంది.

అయితే ఈ బకెట్‌తో ఒక చిక్కు ఉంది. రోజూ నీళ్ళు పోసేవాళ్ళు రోజూ మొక్కను చూస్తారు. నీళ్ళ పని తప్పాక మిద్దె ఎక్కడం నాలుగు రోజులకొకసారి అవుతుంది. చిగుళ్ళ రసం పీల్చే పేనుబంక ఒక చిగురు నుంచి మొక్కంతా పాకడానికి ఆ వ్యవధి చాలు. నీళ్ళ దగ్గర మిగిలిన సమయంలో వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, ఆకులు తిరగేసి చూడండి. మందుల గురించి కింద చెప్పేదంతా ఈ అలవాటు ఉంటేనే పనిచేస్తుంది.

బకెట్ తయారీ

ఒక మొక్కకు కావలసినవి: ఒకే కొలత గల 20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండు, ఒక మూత, పది సెంటీమీటర్ల ఎత్తున్న పెరుగు డబ్బా, రెండంగుళాల పి.వి.సి. పైపు అడుగు పొడవు, ఒక అంగుళం పైపు రెండడుగులు, కొంచెం బైండింగ్ వైరు, పాత దోమతెర ముక్క. నీళ్ళలో కలిపే గోడరంగు ఉన్న బకెట్లే తీసుకోండి. ఒక రాత్రి నీళ్ళు పోసి ఉంచితే ఎండిన రంగు పొరలుగా ఊడి వస్తుంది. ఆయిల్ పెయింటు, రసాయనాలు నిలవ చేసిన డబ్బాలు తిండి మొక్కలకు పనికిరావు. నల్ల బకెట్ వద్దు, ఎండకు వేర్లు ఉడికిపోతాయి. తెలుపు మంచిది. నల్లదే దొరికితే బయటివైపు సున్నం పూయండి, లేకపోతే తెల్లరంగు వేయండి. వెలుతురు లోపలికి పోతే నీళ్ళలో నాచు పడుతుంది.

1. రెండంగుళాల పైపును పది సెంటీమీటర్ల చొప్పున మూడు ముక్కలు కోయండి. ఇవి లోపలి బకెట్‌ను మోసే కాళ్ళు. ఒక్కో ముక్క కింది అంచున రెండు గాట్లు పెడితే నీళ్ళు ముక్క లోపలికీ చేరతాయి.

2. లోపలి బకెట్ అడుగున, సరిగ్గా మధ్యలో, పెరుగు డబ్బా దూరేంత గుండ్రటి రంధ్రం చేయండి. డబ్బా పై అంచు మాత్రం రంధ్రం మీద ఆగాలి. కాబట్టి రంధ్రం అంచు కన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి. డబ్బా పక్కలకు, అడుగుకు కలిపి పాతిక దాకా చిన్న రంధ్రాలు పొడవండి.

3. లోపలి బకెట్ అడుగున మిగిలిన చోట 6 మిల్లీమీటర్ల రంధ్రాలు 15 నుంచి 20 పెట్టండి. వేర్లకు గాలి అందేది, వాన నీళ్ళు దిగిపోయేది వీటి గుండానే. పక్కగా ఒక అంగుళం పైపు పట్టే రంధ్రం ఒకటి చేయండి.

4. మూడు కాళ్ళను ఆ రంధ్రాల గుండా బైండింగ్ వైరుతో లోపలి బకెట్ అడుగుకు కట్టేయండి. కట్టకుండా నిలబెడితే మట్టి నింపేటప్పుడు పక్కకు పడిపోతాయి, లోపలి బకెట్ కిందికి దిగి నీళ్ళ జాగా సగానికి సగం పోతుంది.

5. ఒక బకెట్లో ఒకటి పెట్టి ఎండలో నిలబెట్టండి. తెల్ల బకెట్ అయితే లోపలి దాని అడుగు నీడలా బయటికి కనిపిస్తుంది. ఆ గీతకు ఒక సెంటీమీటరు కింద, బయటి బకెట్‌కు 10 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. ఎక్కువైన నీళ్ళు ఇందులోంచి పోతాయి.

6. అంగుళం పైపు కింది కొసను ఏటవాలుగా కోసి దించండి. తిన్నగా కోస్తే అది బకెట్ నేలకు ఆనుకుని నీళ్ళు దిగవు.

ఐదో పనిలో తప్పు చేస్తే మిగతా శ్రమంతా వృథా. పొర్లు రంధ్రం లోపలి బకెట్ అడుగు కన్నా పైన పడితే మట్టి ఎప్పుడూ నీళ్ళలో నానుతుంది, వేర్లు కుళ్ళుతాయి. మొక్క వాడితే నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. నీటి మట్టానికీ మట్టికీ మధ్య ఆ వేలెడు గాలి జాగా ఉండి తీరాలి, తడిలోకి దిగేది పెరుగు డబ్బా ఒక్కటే. ఆ డబ్బా అడుగు బయటి బకెట్ నేలను తాకేలా చూడండి. పైకి తేలి ఉంటే నీళ్ళు సగం ఉండగానే పీల్చడం ఆగిపోతుంది. డబ్బాకు బదులు పాత నూలుగుడ్డ వత్తులు పెట్టేవాళ్ళున్నారు. నూలు తడిలో ఒక పంటకాలం కూడా నిలవదు, అందుకే డబ్బాయే మేలు.

పెయింట్ బకెట్ అడుగు వ్యాసం దాదాపు 26 సెంటీమీటర్లు. అంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు అర లీటరు నీళ్ళు పడతాయి. తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర పొర్లు రంధ్రం ఉంటే కాళ్ళు, డబ్బా ఆక్రమించిన చోటు పోను నాలుగు లీటర్ల చిల్లర నిలుస్తాయి. చలికాలంలో ఇవి నాలుగైదు రోజులు వస్తాయి. మే నెలలో కాపు మీదున్న మొక్కకు రెండు రోజులే. మిద్దె వాలుగా ఉంటే బకెట్ కింద పెంకు ముక్క పెట్టి సమం చేయండి. పొర్లు రంధ్రం వైపు వాలితే నిలవ తగ్గిపోతుంది. నింపాక బకెట్ దాదాపు 20 కిలోల బరువు తూగుతుంది. అందుకే దూలాల మీదుగా, గోడల పక్కన, ముందే చోటు చూసుకుని నింపండి.

దోమల సంగతి ఇప్పుడే

నిలవ నీళ్ళు ఉన్నచోట డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో అవి రెక్కల దోమలై లేస్తాయి. దోమ లోపలికి దూరే దారులు మూడు. పొర్లు రంధ్రానికి దోమతెర ముక్కను లోపలివైపు నుంచి ఎం-సీల్‌తో అతికించండి. నీళ్ళు పోసే పైపుకు మూత పెట్టండి. మూడోది చాలామంది మరిచిపోయేది: లోపలి బకెట్ కాళ్ళ మీద లేచి ఉంటుంది కాబట్టి రెండు బకెట్ల అంచుల మధ్య సందు మిగులుతుంది. అందులో స్పాంజి పట్టీ గానీ పాత దుప్పటి పేలిక గానీ చుట్టూ దూర్చేయండి. ఊరికి వెళ్తున్నామని నిండుగా నీళ్ళు పోసేముందు ఈ మూడూ ఒకసారి చూసుకోవాలి.

మిశ్రమం

తోట మట్టి, ఎర్రమట్టి ఇందులో వేయకండి. కుండీకి బాగానే ఉంటుంది గానీ ఈ బకెట్లో నీటిని పీల్చి బురదై గడ్డకడుతుంది, గాలి ఆడదు. ఒక బకెట్‌కు 18 లీటర్ల మిశ్రమం పడుతుంది: కడిగిన కొబ్బరి పొట్టు తొమ్మిది లీటర్లు, వర్మీ కంపోస్టు ఐదు లీటర్లు (మాగి, చివికి, వాసన పోయిన పశువుల ఎరువైనా సరే), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) లేదా నల్లగా కాల్చిన ఊక నాలుగు లీటర్లు. అందులో వేపపిండి 100 గ్రాములు, ఎముకల పొడి 50 గ్రాములు, టమాటాకు, మిరపకు జిప్సం రెండు చెంచాలు కలపండి. కాల్చని పచ్చి ఊక వేస్తే అది కుళ్ళే క్రమంలో నత్రజనిని లాక్కుని మొక్క పాలిపోతుంది. తెల్ల బూడిద దాకా కాలిన ఊక క్షారం, అదీ వద్దు.

కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టగానే వాడడం పెద్ద పొరపాటు. అందులో ఉప్పు ఉంటుంది. మామూలు కుండీలో పైనుంచి పోసే నీళ్ళతో ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. ఇక్కడ నీళ్ళు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి ఉప్పంతా పైపొరలో పేరుకుంటుంది. నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, మళ్ళీ నానబెట్టి, అలా మూడుసార్లు కడగండి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో నెల తిరిగేసరికి మట్టి మీద తెల్లని పొర కనిపిస్తుంది, ఆకుల అంచులు మాడతాయి. అప్పుడు పైపొరను అంగుళం మందాన తీసేసి, పైనుంచి ఆరేడు లీటర్ల మంచి నీళ్ళు నెమ్మదిగా పోసి పొర్లించండి. వాన నీళ్ళు దొరికితే ఈ పనికి అంతకన్నా మంచివి లేవు.

నింపేటప్పుడు ముందు పెరుగు డబ్బాను తడి మిశ్రమంతో గట్టిగా కూరండి. అందులో గాలి సందు మిగిలితే నీళ్ళు ఎక్కవు. మిగతా బకెట్‌ను వదులుగా, అరచేత్తో కొద్దిగా అదుముతూ నింపండి. పూర్తయ్యాక పొర్లు రంధ్రం నుంచి కారేదాకా పైనుంచే నీళ్ళు పోయండి. ఎండిన మిశ్రమం కింది నీటిని పైకి లాగలేదు. ఈ మొదటి తడి ఇవ్వకుండా కింద మాత్రమే నీళ్ళు నింపి, నారు ఎండిపోయిందని వాపోయేవాళ్ళు ఎందరో.

ఏ మొక్కలు, ఎన్ని

బకెట్‌కు టమాటా ఒకటి, వంగ ఒకటి, మిరప రెండు, బెండ రెండు, గోరుచిక్కుడు మూడు. పాలకూర, తోటకూర గుత్తులుగా వేసుకోవచ్చు. బీర, సొర, కాకర తీగలకు 20 లీటర్లు చాలవు, ఇదే పద్ధతిలో 50 లీటర్ల డ్రమ్ము చేసుకోండి. కరివేపాకు, కలబంద మధ్యమధ్య ఆరుదల కోరుకునే మొక్కలు, వాటిని మామూలు కుండీల్లోనే ఉంచండి. టమాటాను మార్చి తర్వాత నాటి లాభం లేదు. పగలు 35 డిగ్రీలు దాటితే, రాత్రులు కూడా చల్లబడకపోతే, నీళ్ళు ఎంత ఉన్నా పూత నిలవదు. జూన్, జూలైలో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరులో ఒకసారి నారు పోసుకోండి. ఎండాకాలానికి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పైన 50 శాతం షేడ్ నెట్.

రకాల ఎంపికలోనే సగం పురుగుల బాధ తప్పుతుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది. బెండలో అర్క అనామిక పల్లాకు తెగులును (ఆకు ఈనెలు పసుపుపచ్చబడే వైరస్‌ను) బాగానే ఓర్చుకుంటుంది.

నాటిన మొదటి పది రోజులు పైనుంచి కూడా కొద్దిగా తడపండి, వేరు ఇంకా కిందికి దిగి ఉండదు. తర్వాత బకెట్ మూతకు మధ్యలో కాండం పట్టే రంధ్రం, అంచు దాకా ఒక చీలిక చేసి కప్పేయండి. తేమ ఆవిరైపోదు, జూలై, ఆగస్టు వానలకు మిశ్రమం జావ కాదు. ముసురు పట్టిన రోజుల్లో కింద నీళ్ళు నింపకండి, అడుగు ఖాళీగా ఉండనివ్వండి.

ఎరువు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి: జీవామృతం, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు, మజ్జిగ, ఏదీ నీళ్ళ పైపులో పోయకండి. గాలి ఆడని ఆ నిలవలో అవి మురిగి కంపు కొడతాయి, వేర్లు నల్లబడతాయి. పదిహేను రోజులకొకసారి మూత ఎత్తి గుప్పెడు వర్మీ కంపోస్టు వేయండి. ద్రవ ఎరువైతే పదింతలు పలచన చేసి అర లీటరు పైనుంచి ఇవ్వండి. ఎక్కువ ఇవ్వకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ బకెట్లో నీళ్ళు ఎప్పుడూ అందుతాయి, దానికి నత్రజని కూడా తోడైతే మొక్క ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, రసంతో పెరుగుతుంది. పేనుబంకకు, తెల్లదోమకు కావలసింది అలాంటి చిగురే.

పురుగులు రాకముందు: వల

టమాటా, మిరప, బెండ మొక్కలకు నాటిన మొదటి నలభై రోజులు అతి ముఖ్యం. ఆ వయసులో తెల్లదోమ వైరస్ అంటిస్తే ఆ మొక్క ఇక కోలుకోదు. అర అంగుళం పైపులతో గానీ వెదురు బద్దలతో గానీ నాలుగడుగుల పంజరం కట్టి, 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలున్న) తెల్ల ఇన్సెక్ట్ నెట్ తొడిగి, బకెట్ మెడ దగ్గర తాడుతో బిగించండి. నీళ్ళ పైపు కొస వల బయటికి ఉండేలా ముందే అమర్చుకుంటే వల విప్పకుండానే నీళ్ళు నింపొచ్చు. ఈ బకెట్‌తో వచ్చే పెద్ద సౌకర్యం ఇదే. మామూలు కుండీకి రోజూ వల ఎత్తాల్సి వస్తుంది, ఎత్తిన ప్రతిసారీ తెల్లదోమ దూరుతుంది.

వల వేసేముందు నారు ఆకుల అడుగు చూడండి. అక్కడ పొలుసుల్లాంటి పిల్లపురుగులు ఉండగా వల వేస్తే వాటికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే, వాటిని తినే అక్షింతల పురుగులు కూడా లోపలికి రాలేవు. తామర పురుగులు మరీ సన్నం, 40 మెష్ వాటిని పూర్తిగా ఆపదు.

టమాటా, వంగ, మిరప, బెండ తమ పూత తామే ఫలదీకరించుకుంటాయి. పొద్దున పది లోపు కొమ్మను వేలితో నాలుగుసార్లు తట్టితే వల లోపలా కాయ పడుతుంది. దోస, బీర, కాకరకు మాత్రం వల తీయాలి, లేదా మగపువ్వు కోసి ఆడపువ్వుకు మీరే అద్దాలి.

ఆకు తిరగేస్తే ఏం కనిపిస్తుంది

మిరప ఆకులు పైకి దొప్పలా ముడుచుకుంటే తామర పురుగులు. కిందికి తిరగబడి, కాడలు సాగితే తెల్లనల్లి. ఈ రెండూ కలిపి "ముడత" అనేసి ఒకే మందు కొడితే సగం సార్లు పనిచేయదు. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఆకుల కన్నా పూలలో ఎక్కువగా చేరుతుంది. తెల్ల కాగితం మీద పువ్వును విదిలిస్తే సన్నటి నల్ల గీతల్లా పాకుతూ కనిపిస్తాయి. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు, పేనుబంకకు పసుపువి. పసుపురంగు అట్టకు ఆముదం పూసి ఇంట్లోనే చేసుకోవచ్చు. మొక్క చిగురు ఎత్తులో కట్టి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి. అట్టలు పురుగు వచ్చిందని చెప్పడానికి పనికొస్తాయి, వాటితోనే పురుగు పోదు.

పేనుబంక, పిండినల్లి కనబడిన మొదటి రోజు నీళ్ళ ధారతో కొట్టి రాల్చేయండి, పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి. వెంట చీమలున్నాయేమో చూడండి. అవి ఆ తీపి జిగట కోసం ఈ పురుగులకు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరిమేస్తాయి. ఈ బకెట్లలో పైపొర పొడిగా ఉండడంతో చీమలు అక్కడే పుట్ట పెట్టడమూ మామూలే. పైనుంచి రెండుసార్లు నిండా తడిపి వాటిని లేపండి, బయటి బకెట్ చుట్టూ రెండంగుళాల వెడల్పున గ్రీజు పూయండి.

వేపగింజల కషాయం: పొట్టు తీసిన వేపపప్పు 50 గ్రాములు దంచి, పలచటి గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా ఉంచండి. పొద్దున పాలలా దిగేదాకా పిండి, వడకట్టి, సబ్బుపొడి ఒక గ్రాము కలపండి. ఆ రోజే వాడేయాలి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. వేపలోని గుణం ఎండకు త్వరగా విరిగిపోతుంది. గింజలు ఆ ఏడాదివే కావాలి, వానాకాలం మొదట్లో రాలిన పళ్ళను కడిగి నీడలో ఆరబెట్టి దాచుకోండి.

గింజలు లేకపోతే వేపనూనె: 5 మిల్లీలీటర్ల నూనెను చిక్కటి కుంకుడు రసం రెండు చెంచాలలో పోసి తెల్లగా విరిగేదాకా గిలకొట్టి, తర్వాత లీటరు నీళ్ళలో కలపండి. పైన నూనె చుక్కలు తేలుతున్నాయంటే కలవలేదని అర్థం, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఏదైనా ముందు ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూశాకే మొక్కంతా కొట్టండి. వారం తేడాతో మూడుసార్లు. ఒక్కసారి కొట్టి ఆపేస్తే గుడ్లలోంచి కొత్తవి లేస్తాయి.

ఎర్రనల్లి ఎండాకాలపు శత్రువు. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు. రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి నీళ్ళ ధార కొట్టండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు, అదీ చల్లని సాయంత్రమే. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, దోస జాతి తీగలకు అసలే వద్దు.

వంగలో లేత కొమ్మ చివర ఒక్కటే వాలిపోయి ఉంటే లోపల మొవ్వు తొలిచే పురుగు ఉంది. వాలిన చోటుకు అంగుళం కిందికి తుంచి, సబ్బునీళ్ళలో వేయండి. పారేస్తే అది అక్కడే రెక్కల పురుగై తిరిగొస్తుంది. ఇది కొమ్మలోకి, కాయలోకి దూరాక ఏ మందూ అందదు, తుంచడమే మందు. పుచ్చిన కాయలకూ అంతే. టమాటాలో కాయతొలుచు పురుగుకు పక్కన బంతి బకెట్ పెట్టండి. తల్లి పురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి మొగ్గుతుంది, అందుకే పొలాల్లో 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేస్తారు. బంతి టమాటా కన్నా పదిహేను రోజులు పెద్దదై, రెండూ ఒకేసారి పూతకు రావాలి. లేత లద్దె పురుగులు కనిపిస్తే బి.టి. పొడి (లద్దె పురుగులను చంపే బాక్టీరియా మందు) లీటరుకు రెండు గ్రాములు, సాయంత్రం. ముదిరిన పురుగు మీద అది అంతగా పనిచేయదు, చేత్తో ఏరేయండి. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద దొరికితే ఆ ఆకును అలాగే తుంచి నలిపేయండి. వందల పురుగులు ఒక్క చిటికెలో పోతాయి.

బీర, కాకర, దోస కాయలు వంకరపోయి పసుపు తిరిగి రాలుతుంటే పండు ఈగ. పిందె కట్టిన రెండు రోజుల లోపే కాగితం సంచి తొడగాలి. క్యూ లూర్ బుట్ట (వాసనతో ఈగలను లాగే ఎర పెట్టిన బుట్ట) మగ ఈగలనే పడుతుంది, దానికి తోడు సంచి తప్పదు. రాలిన కాయలను కంపోస్టులో వేయకండి, ప్లాస్టిక్ కవరులో మూటకట్టి వారం ఎండలో ఉంచండి.

వైరస్ సోకిన మొక్క, అంటే పసుపు ఈనెల బెండ, బొబ్బర (ఆకుముడత వైరస్) పట్టిన మిరప, గుబురుగా ముడుచుకున్న టమాటా, ఎంత ప్రాణం పెట్టి పెంచినా పీకేయాలి. పీకేముందు సంచి కప్పి మూతి బిగించండి, లేకపోతే దాని మీది తెల్లదోమలు పక్క బకెట్ మీదికి ఎగురుతాయి.

పంట అయ్యాక

కాండాన్ని మట్టి మట్టానికి కోసి, రెండు బకెట్లను మెలితిప్పుతూ విడదీయండి. నేరుగా లాగితే బిగిసి రావు. అడుగు నీళ్ళు తేటగా, వాసన లేకుండా ఉంటే అంతా బాగున్నట్టే. నల్లగా కంపు కొడితే పొర్లు రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, తీగ దూర్చి చూడండి. పెరుగు డబ్బా నిండా వేర్లు అల్లుకుని ఉంటాయి, వాటిని తీసేసి కొత్త మిశ్రమం కూరాలి. మిగతా మిశ్రమాన్ని మే ఎండలో పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి మూడు వారాలు ఉంచి, వేర్లు ఏరి, నాలుగో వంతు కొత్త వర్మీ కంపోస్టు, 100 గ్రాముల వేపపిండి కలిపి మళ్ళీ వాడుకోవచ్చు. టమాటా పెరిగిన మిశ్రమంలో వెంటనే వంగ, మిరప వేయకండి, అవి ఒకే కుటుంబం, తెగుళ్ళూ ఒకటే. ఆ బకెట్లో ఈసారి బెండ గానీ గోరుచిక్కుడు గానీ నాటండి.